ఒకరికి ఆపరేషను, ఒకరికి బెల్టు

ఆసుపత్రుల్లో పరిశోధన పనికి కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను వెతుక్కుంటూ వస్తారు, ఇప్పుడు మీరొచ్చినట్టు. శిక్షణలో మీకు అన్నీ చెప్పే ఉంటారు. రోగి వివరాలు ఎక్కించి మీట నొక్కితే అతను ఏ గుంపులో పడ్డాడో తెర మీద కనపడుతుందనీ, అందులో మన చెయ్యి ఏమీ ఉండదనీ చెప్పి ఉంటారు. నిజమే. మీట నొక్కడం ఎంతసేపు? ఆ తర్వాత కుర్చీలోంచి లేచి, వరండాలో బల్ల మీద ఎదురుచూస్తున్న మనిషి దాకా నడిచి వెళ్ళి ఆ మాట చెప్పాలి. ఆ నడక గురించి శిక్షణలో ఉండదు. అందుకని నేను చెప్తున్నాను.

నేను నర్సుగా రిటైరయ్యాను. ఇంట్లో తోచక, చూసిన సీరియలే మళ్ళీ చూస్తున్న రోజుల్లో, అమలాపురంలో నేను అంతవరకూ పనిచేసిన ఆసుపత్రి నుంచి ఎముకల డాక్టరుగారు కబురు పెట్టారు.

"సిస్టరుగారూ, ఒక స్టడీ మొదలెడుతున్నామండి. రోగులతో మాట్లాడే మనిషి కావాలి. కంప్యూటరంటే ఎవరికైనా నేర్పొచ్చు. మాట్లాడటం నేర్పలేం కదండీ" అన్నారు.

పొగిడితే పడిపోయే స్వభావం నాది. మర్నాడే వెళ్ళి చేరిపోయాను.

కోనసీమలో ఎముకల డాక్టరంటే సగం కొబ్బరిచెట్ల డాక్టరే. కాయల దింపు తియ్యడానికి చెట్టెక్కి జారిపడ్డవాళ్ళు ఏడాది పొడుగునా వస్తూనే ఉంటారు. వానలు పట్టాక ఇంకా ఎక్కువ. కొందరికి నడుము దగ్గర వెన్నుపూస చితికిపోతుంది. కాళ్ళు చచ్చుబడి వస్తే ఆ దారి వేరు. కాళ్ళు ఆడుతూ పూస మాత్రం చితికినవాళ్ళతోనే చిక్కు. కడ్డీలు, మరలు వేసి బిగించే ఆపరేషను ఒక పద్ధతి. ఒంటికి గట్టి బెల్టు కట్టి, కొన్నాళ్ళు పడుకోబెట్టి, పూసని దానంతట దాన్నే అతుక్కోనివ్వడం రెండో పద్ధతి.

"కోసినవాళ్ళూ నడుస్తున్నారు, కొయ్యనివాళ్ళూ నడుస్తున్నారు. ఎవరి నడకకి నేను కారణమో నాకు తెలియట్లేదండి" అనేవారు డాక్టరుగారు. ఇలాంటి బెంగ లేని డాక్టర్లు బోలెడంతమంది ఉన్నారు. వాళ్ళు హాయిగా నిద్రపోతారు. ఈయనకి ఆ అదృష్టం లేదు. అందుకే స్టడీ.

రోగుల్ని రెండు గుంపులుగా పంచాలి. డాక్టరు తన ఇష్టప్రకారం పంచితే తెలియకుండానే గట్టివాణ్ణి ఆపరేషనుకీ, నలిగినవాణ్ణి బెల్టుకీ పంపిస్తాడు. చివరికి ఆపరేషనే గొప్పదని తేలుతుంది. తేలింది ఆపరేషను గొప్పతనమా, గట్టివాడి గొప్పతనమా? అందుకని మనిషి చెయ్యి తగలకుండా పంచాలన్నారు. తర్వాత వచ్చేవాడికి ఏది పడుతుందో నాకు తెలియదు, డాక్టరుగారికి తెలియదు.

తెలుగు అంగీకార పత్రంలో దీన్ని 'యాదృచ్ఛిక కేటాయింపు' అన్నారు. చదివి వినిపిస్తే చెట్టు మీంచి పడ్డవాడు మళ్ళీ పడ్డంత పని అయ్యేది. లాటరీ లాంటిదని చెప్పి చూశాను. లాటరీ అనగానే ఆపరేషను ప్రైజయిపోయింది, బెల్టు ప్రైజు రానివాళ్ళకి ఇచ్చేదయిపోయింది. ఏ మాట వాడినా అంతే. కోసి కుట్టేదే వైద్యమని, బెల్టుకి వైద్యమన్న పేరు దండగని మా జనం నమ్మకం.

మా వార్డు హెడ్ సిస్టరుకి ఈ స్టడీ మొదటినుంచీ గిట్టలేదు. ఆవిడా నేనూ కలిసి ట్రైనింగయినవాళ్ళం. ఒకరి పెళ్ళి చీర ఒకరు ఎంచుకున్నవాళ్ళం. "రోగాన్ని చూసి వైద్యం చేస్తారు గానీ బొమ్మాబొరుసూ వేసి చేస్తారటే?" అనేది.

ఆ ఏడాది ముసురు పట్టిన రోజుల్లో రాజోలు వైపు లంక ఊరి నుంచి ఒకతన్ని ఆటోలో అడ్డంగా పడుకోబెట్టి తీసుకొచ్చారు. మీసం రాకముందు నుంచీ చెట్లెక్కుతున్న మనిషి. అంత నొప్పిలోనూ నవ్వించాడు. "చెట్టు నన్ను పడెయ్యలేదండి. నేనే దిగడం తొందరపడ్డానండి" అన్నాడు. కూడా భార్య వచ్చింది. కొబ్బరి పీచు పనికి వెళ్ళే మనిషి, అరచేతులు పీచులాగే గరుకుగా ఉన్నాయి. నేను రెండు పద్ధతులూ, రెండు గుంపులూ విడమరిచి చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని అడిగింది.

"కొత్త సంవత్సరం రాత్రి చర్చిలో వాగ్దానం కార్డు తీస్తాం కదండి. అలాగాండి?"

"అలా కాదమ్మా. అక్కడ ఆ ఏడాదికి దేవుడిచ్చే మాట తీస్తాం. ఇది వట్టి కంప్యూటరు."

"దేవుడు లేని చోటు ఉంటాదాండి?"

ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే నేను, కాగితం ఆవిడ భర్త ముందు పెట్టి సంతకం చోటు చూపించాను.

అతనికి ఆపరేషను పడింది. చెప్పగానే ఆవిడ కొంగు తల మీదికి లాక్కుని కళ్ళు మూసుకుంది. ఆవిడకి వాగ్దానం వచ్చేసింది.

అయితే పరీక్షలు చేస్తే అతనికి షుగరు ఉన్నట్టు బయటపడింది. అప్పటిదాకా అతనికే తెలియదు. అది అదుపులోకి వచ్చేదాకా ఆపరేషను ఆపారు. ఈలోగా రెండో దెబ్బ తగిలింది.

ఆవిడకి ఒక తమ్ముడు. తల్లి పోతే చిన్నప్పటినుంచి ఈవిడే పెంచింది. బావ దగ్గరే దింపు పని నేర్చుకున్నాడు. బావ ఒప్పుకున్న తోటలు వేరేవాళ్ళకి పోతాయేమోనని, వాన పూర్తిగా వెలవకుండానే ఆ చెట్లు తను ఎక్కాడు. చెట్టంతా నాచు. అతన్నీ మా ఆసుపత్రికే తెచ్చారు. అదే నడుము, ఇంచుమించు అదే పూస. కాళ్ళు ఆడుతున్నాయి. స్టడీకి సరిపోయాడు.

అక్కే దగ్గరుండి సంతకం పెట్టించింది. నేను లోపలికి వెళ్ళి మీట నొక్కాను. తెర మీద బెల్టు అని వచ్చింది.

వరండాలోకి వచ్చేసరికి ఆవిడ బల్ల మీద కూర్చుని నా మొహం వంకే చూస్తోంది.

"తమ్ముడికి బెల్టు వచ్చిందమ్మా."

ఆవిడ లేచి భర్త మంచం దగ్గరికి వెళ్ళి కాసేపటికి తిరిగొచ్చింది. తర్వాత చాలా మెల్లిగా, ఎవరైనా వింటారేమోనన్నట్టు అడిగింది.

"మార్చరాండీ?"

"ఏది మార్చాలమ్మా?"

"తమ్ముడు కుర్రోడండి. ఇంకా పెళ్ళి కాలేదు. నడుము వంగిపోతే వాడికి పిల్లనెవరిత్తారండి? మా ఆయన్ది వాడికి చెయ్యండి. వాడి బెల్టు ఈయనకి కట్టండి. ఈయన్ని అడిగేనండి. సరేనన్నారు."

మంచం మీద ఉన్న భర్త దగ్గరికి వెళ్ళి అడిగాను. "ఆయ్, నిజమేనండి" అన్నాడతను. "బావమరిది నా మూలాన పడ్డాడండి. నాకు బెల్టు చాలండి. నా ఆట ఎలాగూ అయిపోయింది."

హెడ్ సిస్టరు ఇదంతా వింటూనే ఉంది. నన్ను మందుల గదిలోకి లాక్కెళ్ళింది. "ఇద్దరూ ఒక ఇంటివాళ్ళు. ఇద్దరికీ ఇష్టమే. మారిస్తే ఎవడి సొమ్ము పోయిందే? వెళ్ళి డాక్టరుగారికి గట్టిగా చెప్పు" అంది.

"అలా ఇష్టప్రకారం మారుస్తూ పోతే ఇంక స్టడీ ఎందుకే?"

"నీకు స్టడీ కనపడుతోంది. నాకు ఆ ఆడమనిషి కనపడుతోంది."

ఆ మాట తగిలింది. వెళ్ళి డాక్టరుగారికి సంగతి చెప్పాను. ఆయన చేస్తున్న పని ఆపి లేచి వచ్చారు. తమ్ముడి మంచం బావ మంచం పక్కకి జరిపించారు. స్టూలు లాక్కుని మధ్యలో కూర్చున్నారు.

"చూడండి. ఇతనిది అతనికి, అతనిది ఇతనికి మార్చడం నా వల్ల కాదు. కానీ మీకిష్టం లేకపోతే ఇద్దరూ స్టడీలోంచి బయటికి వచ్చెయ్యొచ్చు. ఎవరూ ఏమీ అనరు. వైద్యం ఆగదు. అప్పుడు నాకు ఏది మంచిదని తోస్తే అది చేస్తాను."

"మీకేది మంచిదని తోస్తాదండి?" అంది ఆవిడ వెంటనే.

డాక్టరుగారు ఇద్దరి ఎక్స్‌రేలూ తీసి వెలుగుకెత్తి మళ్ళీ చూశారు. మేము ఎదురుచూస్తున్నాం. వార్డులో పక్క మంచాలవాళ్ళు కూడా చెవులు రిక్కించారు.

"నాకు తెలీదమ్మా" అన్నారు చివరికి.

నా ఉద్యోగంలో డాక్టరు నోటి వెంట ఆ మాట రోగి ఎదురుగా వినడం అదే మొదలు. ఆవిడ మొహం పాలిపోయింది. చేతకాని డాక్టరు దగ్గరికి వచ్చి పడ్డామనుకుందో, తెలిసీ చెప్పట్లేదనుకుందో నేను చెప్పలేను. తమ్ముడు మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

భర్తే మాట్లాడాడు. "మీకే తెలీనప్పుడు మాకేం తెలుస్తాదండి. ఆ కంప్యూటరు చెప్పినట్టే కానివ్వండి. దానికి మా మీద పగా లేదు, ప్రేమా లేదు కదండీ."

తమ్ముడు కూడా సరేనన్నాడు. అలా ఇద్దరూ స్టడీలోనే ఉండిపోయారు.

ఆ సాయంత్రం ఆవిడ అత్తగారు ఊరి నుంచి వచ్చింది. కొడుకు మంచం చేరేలోపే వార్డులో ఎవరో ఆవిడ చెవిన వేశారు. ఆవిడ నిలబడ్డచోటే గొంతెత్తింది.

"నా కొడుక్కొచ్చిన ఆపరేషను తీసి తమ్ముడికి పెట్టబోయిందట! మొగుడు ఏమైపోయినా పర్లేదటమ్మా ఈవిడకి!"

"అమ్మా, ఊరుకో. నేనే ఒప్పుకున్నాను" అన్నాడు కొడుకు.

"నువ్వలాగే అంటావురా. నువ్వొక పిచ్చోడివి."

తమ్ముడికి పెట్టబోతున్న జావ గ్లాసు కోడలి చేతిలో అలాగే ఉండిపోయింది. హెడ్ సిస్టరు వెళ్ళి ఆ గ్లాసు తీసుకుని తనే పట్టించింది.

ఆపరేషను బాగానే జరిగింది. త్వరలోనే అతన్ని లేపి కూర్చోబెట్టారు. తర్వాత వాకరు పట్టుకుని నాలుగడుగులు వేయించారు. అత్తగారు వార్డంతా అరటిపళ్ళు పంచింది, నాకూ ఒకటి ఇచ్చింది. పక్క మంచం మీద బెల్టు బిగించుకుని పైకప్పు వంక చూస్తూ పడుకున్న తమ్ముడితో అతను "ఏరా, రేస్ పెట్టుకుందామా?" అన్నాడు. తమ్ముడు నవ్వాడు. ఆ ఇంటివాళ్ళు నవ్వగా నేను చూసింది అదే ఆఖరు.

ముందు బావకి కొద్దిగా జ్వరం. కట్టు విప్పితే కుట్ల దగ్గర తడి. కడిగారు, మందులు మార్చారు, మళ్ళీ థియేటరుకి తీసుకెళ్ళి శుభ్రం చేశారు. షుగరు మాట వినడం మానేసింది. డాక్టరుగారు ఇంటికి వెళ్ళడం మానేశారు. చీము రక్తంలోకి ఎక్కిందని తెలిసిన రోజు పై ఆసుపత్రికి పంపించాం. అంబులెన్సు ఎక్కిస్తుంటే అతను నన్ను గుర్తుపట్టలేదు. అక్కడే పోయాడు.

స్టడీలో మనిషి పోతే విచారణ ఉంటుంది. స్టడీ మంచిచెడ్డలు చూసే కమిటీవాళ్ళు వచ్చారు. మేము ఆ ఇంటివాళ్ళకి ఎలా చెప్పామో, ఏం చెప్పామో, అతను ఏమన్నాడో అన్నీ అడిగారు, అన్నీ చూశారు. అంతా సక్రమంగానే జరిగిందని తేల్చారు. కుటుంబానికి రావలసింది వచ్చే ఏర్పాటు చేశారు. సక్రమంగా జరిగిందని వినడం అంత బరువుగా ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు. ఎక్కడైనా ఒక తప్పు దొరికితే దాన్ని పట్టుకుని ఏడ్చేవాళ్ళం.

ఆ రోజు హెడ్ సిస్టరు మందుల గదిలో నా పక్కన కూర్చుంది. నన్ను దెప్పుతుందనుకున్నాను. "మార్చమన్నది నేను కూడానే" అంది. "మార్చి ఉంటే ఆ కుర్రాడు పోయేవాడా?"

ఇదే మాట నేను డాక్టరుగారిని అడిగాను. "ఏమోనండి. ఆ కుర్రాడికి షుగరు లేదు, చీము పట్టేది కాదేమో. ఇద్దరూ బతికేవారేమో. బెల్టుతో ఇతనికి ఇంకోటేదో వచ్చేదేమో. తెలుసుకునే దారి లేదండి" అన్నారు. ఇది మీరు బాగా గుర్తుపెట్టుకోండి. మన పని ఎంతోమంది గురించి ఒక నిజం చెప్పగలదు. ఒక్క మనిషి గురించి, ఇలా కాక అలా చేసి ఉంటే ఏమయ్యేదని అడిగితే నోరు మెదపలేదు. ఇంట్లోవాళ్ళు అడిగేది మాత్రం ఆ ఒక్కడి గురించే.

డాక్టరుగారు, నేను వాళ్ళ ఊరు వెళ్ళాం. పోయిన మనిషి ఇంటివాళ్ళని ఓదార్చే ఆదరణ కూడిక జరుగుతోంది. పాస్టరుగారి ప్రార్థన అయ్యాక అత్తగారు మమ్మల్ని చూసి లేచింది. మమ్మల్నేమీ అనలేదు. కోడలి వైపు చెయ్యి చూపించింది.

"మార్చమని అడిగింది కదండి! గట్టిగా పట్టుబట్టి మార్పించి ఉంటే నా కొడుకు బతికేవోడు. తమ్ముడి కోసం అడిగింది కాబట్టే గట్టిగా నిలబళ్ళేకపోయింది. దొంగ మనసు!"

మొన్న అడిగినందుకు తిట్టిన నోరే ఇవాళ పట్టుబట్టనందుకు తిడుతోంది. నేను ముందుకెళ్ళి, "అమ్మా, ఇందులో మీ కోడలి చెయ్యి లేదు. ఎవరూ కావాలని ఇవ్వలేదు, ఎవరూ తియ్యలేదు. అది దానంతట పడింది" అన్నాను.

"ఎవరూ చెయ్యకుండా నా కొడుకు ఎలా పోయేడమ్మా?" అంది ఆవిడ.

మనిషి చెయ్యి తగలకుండా చేశామని మేము సంతోషించిన పని అది. ఆ పందిరి కింద నిలబడి ఆ మాట ఎలా చెప్పను? ఎవరో ఒకరి చెయ్యి ఉండాలి ఆవిడకి. అందుబాటులో ఉన్నది కోడలి చెయ్యి.

తమ్ముడికి నడుము బాగా అతుక్కుంది. బెల్టు తీసేశాక తనిఖీకి వచ్చేవాడు. అక్క కూడా వచ్చేది. తెల్ల చీర కట్టుకుని కుర్చీ చివర కూర్చునేది. నొప్పి ఎంత ఉందో సున్నా నుంచి పది లోపు చెప్పమని నేను అడగాలి. అతను సులువుగా వంగి చెప్పులు వేసుకోవడం నేను కళ్ళారా చూశాను.

"అయిదండి" అన్నాడు.

అక్క మంచినీళ్ళకి బయటికి వెళ్ళాక మళ్ళీ అడిగాను. "నిజం చెప్పు బాబూ. నీకు నొప్పి ఉందా?"

"లేదండి."

"మరి?"

"అక్క ముందు సున్నా అని ఎలా చెప్పనండి, నర్సమ్మగారూ?" అని తల దించుకుని ఏడ్చాడు. నేను సున్నా రాశాను, రాయాలి. కానీ ఆ రోజు నుంచి అతన్ని ఆ ప్రశ్న అక్క ముందు అడగలేదు. మీరు కూడా, ఎవరు పక్కనున్నారో చూసుకుని అడగండి.

హెడ్ సిస్టరు ఆ తర్వాత వేరే వార్డు అడిగి మార్పించుకుంది. మేము ఇప్పటికీ కలుసుకుంటాం, వంటల గురించి, మనవల గురించి మాట్లాడుకుంటాం. ఆ మంచాల మాట ఎత్తం.

స్టడీ అయ్యాక లెక్కలు తేలాయి. నడకలో, నొప్పిలో రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇలాంటి దెబ్బలకి బెల్టు చాలని, కొయ్యడం వల్ల కొందరికి ముప్పే ఎక్కువని తేలింది. డాక్టరుగారు ఆ కాగితాలు నా ముందు పెట్టి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. స్టడీలో ఉన్నవాళ్ళందరికీ ఫలితం చెప్పడం మా ధర్మం. చాలామందికి ఫోనులో చెప్పాను. ఆ ఇంటికి మాత్రం బస్సెక్కి వెళ్ళాను.

కాలవ గట్టు మీద ఆటో దిగి నడిచాను. ఆవిడ ఇంటి ముందు ఇంకో ఆడమనిషితో కలిసి తాడు పేనుతోంది. అత్తగారు అరుగు మీద ఉంది. అత్తాకోడళ్ళు ఒక కప్పు కిందే ఉంటున్నా మాటల్లేవని తమ్ముడు ముందే చెప్పాడు. అతను చెట్లెక్కడం మానేసి రొయ్యల చెరువు దగ్గర కాపలాకి కుదిరాడు.

ఆవిడ చేతులు తుడుచుకుని కుర్చీ వేసింది. నేను వచ్చిన పని చెప్పాను. మెల్లగా, వీలైనంత చిన్న మాటల్లో చెప్పాను. అంతా విన్నాక ఆవిడ అంది.

"అయితే మా ఆయన్ని కొయ్యక్కర్లేదన్నమాట."

"అప్పటికి ఎవరికీ తెలీదమ్మా. ఇప్పుడు తెలిసింది. ఇకనుంచి ఇలా పడ్డవాళ్ళని కొయ్యరు."

"ఆయ్" అంది. పీచు పోగు ఒకటి వేలికి చుట్టుకుంది, విప్పింది. "ఎక్కడెక్కడివాళ్ళకీ చెప్తారాండి ఇది?"

"చెప్తారు. డాక్టర్లందరూ చదువుకునేలా పత్రికలో వేస్తారు."

"అందులో మా ఆయన పేరు ఉంటాదాండి?"

"ఉండదమ్మా. ఎవరి పేర్లూ వెయ్యరు. అది నియమం. మీ సంగతులు బయటికి పొక్కకూడదని."

"మరి ఎవరు పోతే ఇది తెలిసిందో ఆ డాక్టర్లకెలా తెలుస్తాదండి?"

అంతవరకూ రోడ్డు వైపు చూస్తున్న అత్తగారు ఇటు తిరిగింది. కొడుకు పేరు ఇంటిపేరుతో సహా గట్టిగా చెప్పింది. అన్నానికి పిలిచినంత గట్టిగా. కోడలు తలెత్తి ఆవిడ వంక చూసింది.

"రాసుకోమనవే ఆవిణ్ణి" అంది అత్తగారు కోడలితో.

రాసుకున్నాను. దేని మీద రాయాలో తోచక, చేతిసంచిలో దొరికిన బస్సు టికెట్టు వెనక రాసుకున్నాను. కోడలు వంగి, నేను రాసింది అక్షరం అక్షరం చదివి, ఇంటిపేరులో ఒక దీర్ఘం తప్పిపోయిందని దిద్దించింది.